డాక్టరుగారు ఏమన్నారంటే...

కుక్కరు మూడో విజిల్ వేసేలోపు చదివేసే పాఠం కాదండీ ఈ వారంది. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, నింపాదిగా కూర్చోండి.

ఒక చెల్లెలు అడిగింది: “అక్కా, ‘వస్తానన్నాడు’ అని ఇంగ్లీషులో చెప్పాలంటే ‘హి సెడ్ హి విల్ కమ్’ అనాలా, ‘హి సెడ్ హి వుడ్ కమ్’ అనాలా? మా పాప ట్యూషన్ మాస్టారు వుడ్ అంటారు. మావారేమో ఆఫీసులో అందరూ విల్ అనే రాస్తారంటారు. ఎవరి మాట వినను?”

ఇద్దరి మాటా వినొచ్చు తల్లీ. ఎప్పుడు ఎవరిది వినాలన్నదే అసలు సంగతి. రెండు ముక్కల్లో జవాబు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ఈ విల్లులూ వుడ్డులూ, మేలూ కుడ్డులూ ఒకదాని చోట ఇంకొకటి పడితే ఏమవుతుందో నేను అనుభవించినదాన్ని. నా మూలంగా మా తోడికోడలికి రావలసిన ఉద్యోగం పోయింది. ఆ సంగతి చెప్పకుండా పాఠం చెప్పడానికి నాకు మనసొప్పదు.

2022 వానాకాలంలో మా అత్తయ్యగారికి నిమ్ము చేసింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. మా మరిది ఓడలో ఇంజనీరు, అప్పుడు నడిసముద్రంలో ఉన్నాడు. తోడికోడలు పూణెలో ఉంటుంది. మరాఠీ అమ్మాయి. అప్పటికి ఆమెకి మన తెలుగు ‘బాగున్నారా, భోంచేశారా’ వరకే వచ్చు. అందుకని అత్తయ్యగారి సంగతులన్నీ నేనే రోజూ ఫోన్లో ఇంగ్లీషులో రాసి పంపేదాన్ని. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త గర్వంగానే ఉండేది. ఇంటర్‌తో చదువు ఆగిపోయినదాన్ని, అదీ తెలుగు మీడియం. అలాంటిదాన్ని కాన్వెంటులో చదివిన టీచరమ్మకి ఇంగ్లీషులో కబుర్లు రాస్తున్నానంటే మాటలా! మావారు పక్కనుంచి తొంగిచూసి “దొరసానివైపోతున్నావే” అంటే పైకి విసుక్కున్నా, లోపల సంతోషమే.

నాలుగో రోజు అత్తయ్యగారికి ఆయాసం ఎక్కువై ఆక్సిజన్ పెట్టారు. అదీ రాశాను. ఆరో రోజు సాయంత్రం పెద్ద డాక్టరుగారు వచ్చి చూసి, ఊపిరితిత్తులు తేటపడ్డాయి, ఇక ఆక్సిజన్ అక్కర్లేదు అన్నారు. వెళ్తూ వెళ్తూ ఆయన అన్న మాటలు రెండు. “రేపటి నుంచి ఎప్పుడైనా వెళ్లచ్చమ్మా. మీరు వచ్చి సంతకం పెట్టాలి.” అంతే. నేను ఆ సంబరంలో మెట్ల దగ్గర నిలబడి టకటకా కొట్టి పంపేశాను:

“డాక్టర్ టోల్డ్ షి మే గో ఎనీ టైమ్ ఫ్రమ్ టుమారో. హి టోల్డ్ యు మస్ట్ కమ్ అండ్ సైన్.”

ఇప్పుడు మీరు పూణెలో కూర్చుని దాన్ని చదవండి. మొన్ననే ఆక్సిజన్ పెట్టారని విన్నారు. ఇవాళ ఈ మాట వచ్చింది. రేపటి నుంచి ఏ క్షణమైనా పోవచ్చు, నువ్వు తప్పకుండా వచ్చి సంతకం పెట్టాలి!

పాపం, ఆ అమ్మాయి వెంటనే నాకు ఫోను చేసింది. నా ఫోన్లో చార్జింగు అయిపోయింది. మావారు తన ఫోను ఇంట్లో పెట్టి వచ్చారు. మోగి మోగి ఆగిపోతుంటే ఆమె ఏమనుకుంటుంది? రాత్రికి రాత్రి విమానమెక్కి హైదరాబాదు, అక్కణ్ణించి టాక్సీలో గుంటూరు. తెల్లవారి ఏడు గంటలకి వార్డు గుమ్మంలో నిలబడింది, కట్టుబట్టలతో. అప్పుడు మా అత్తయ్యగారు ఏం చేస్తున్నారో తెలుసా? ఇడ్లీలోకి ఇచ్చిన అల్లప్పచ్చడిలో బెల్లం ఎక్కువైందని నర్సుతో పేచీ పెట్టుకుంటున్నారు.

నవ్వొస్తోంది కదూ. నాకూ ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. ఆ పిల్ల మంచం పట్టె పట్టుకుని నేలమీద కూలబడి ఏడ్చింది. ఆరోజు పదిన్నరకి పూణెలో ఒక పెద్ద స్కూల్లో ఆమెకి ఇంటర్వ్యూ. నాలుగేళ్లుగా అక్కడా ఇక్కడా టెంపరరీగా చేస్తోంది. ఇది పర్మినెంటు పోస్టు. ఆసుపత్రి వరండాలోంచి వాళ్లకి ఫోన్ చేసి సంగతి చెప్పుకుంది. ఇంకో రోజు పిలుస్తామన్నారు వాళ్లు.

పిలవలేదు.

ఈ మాటని ఇంగ్లీషులో పెట్టి చూడండి, మన పాఠం ఇక్కడే మొదలవుతుంది. “దె సెడ్ దె వుడ్ కాల్ హర్ అనదర్ డే. దె డిడ్ నాట్.” ఇక్కడ విల్ పెడితే ఇంకా పిలుస్తారేమోనని ఆశ మిగిలి ఉన్నట్టు. వుడ్ పెట్టాం కాబట్టి, ఆ మాట వాళ్లు అన్నది అప్పుడు, అది ఆ రోజు మాట, అని తేలిపోతోంది.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే నా ప్రాణం తేలిక పడేది. రెండో రోజు అత్తయ్యగారిని ఇంటికి తెచ్చాక, నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే పక్కన పీట వేసుకు కూర్చుని, ఫోన్లో ఆ వాక్యం తీసి చూపించి, “అక్కా, తెలుగులో డాక్టర్ ఎగ్జాక్ట్‌గా ఏమన్నాడు? అది చెప్పండి” అంది. చెప్పాను. ఒక్కొక్క మాటా విడదీయించి అర్థం అడిగింది. అప్పుడు తెలిసింది నాకు, నేను ఇంగ్లీషు మాటలతో తెలుగు రాస్తున్నానని.

మొదట ఆ ‘వెళ్లచ్చు’ సంగతి చూడండి. మన ‘వచ్చు’ భలే మాట. “లోపలికి రావచ్చు” అంటే అనుమతి. “సాయంత్రం వాన రావచ్చు” అంటే సందేహం. “ఈ డబ్బాలో రెండు కిలోలు పొయ్యచ్చు” అంటే వీలు. ఇది కాక “నాకు ఇంగ్లీషు వచ్చు” అనే వచ్చు ఒకటి, అది వేరే వచ్చు! ఇన్ని పనులకీ మనకి ఒకటే అట్లకాడ. ఇంగ్లీషువాళ్లకి కెన్ అని ఒకటి, మే అని ఒకటి. మే కూడా మన వచ్చులాగా రెండు పనులు చేస్తుంది, అనుమతీ సందేహమూ. అనుమతి అనుకుని నేను రాస్తే, సందేహం అనుకుని ఆమె చదివింది. పైగా ‘హోమ్’ అన్న మాట నేను వెయ్యలేదు. మనకి అవసరం లేదు కదా, ఆసుపత్రిలో ఉన్న మనిషి వెళ్లేది ఇంటికే. అసలు ఆసుపత్రిలో మనం ‘పోవచ్చు’ అనే మాట పొరపాటున కూడా అనం, ‘వెళ్లచ్చు’ అంటాం. ఇంగ్లీషులో ఆ రెంటికీ ‘గో’ ఒకటే అయ్యేసరికి కొంప మునిగింది.

చెప్పినది నిన్నటి మాట అయినప్పుడు, అంటే ‘సెడ్’ అనో ‘టోల్డ్’ అనో మొదలుపెట్టాక, ఈ రెండు మేలూ రెండు దారులు పడతాయి. అనుమతి అయితే కుడ్. సందేహం అయితే మైట్. “ద డాక్టర్ సెడ్ షి కుడ్ గో హోమ్.” ఇంటికి వెళ్లచ్చన్నారు. “ద డాక్టర్ సెడ్ ఇట్ మైట్ కమ్ బ్యాక్.” చలికాలంలో నిమ్ము మళ్లీ రావచ్చన్నారు. నేను కుడ్ వేసి, పక్కన హోమ్ వేసి ఉంటే ఆ అమ్మాయి హాయిగా నిద్రపోయి పొద్దున్నే ఇంటర్వ్యూకి వెళ్లేది.

ఇక రెండో వాక్యం. “యు మస్ట్ కమ్ అండ్ సైన్.” డాక్టరుగారు ‘మీరు’ అన్నది మమ్మల్ని. నేను ఆ మీరుని అలాగే ఎత్తి పంపాను. పూణెలో ఉన్న మనిషికి యు అంటే తనే కదా!

ఇక్కడే ఉంది మన భాష కిటుకు. తెలుగులో ‘అని’ అనే రెండక్షరాలున్నాయే, అవి టిఫిన్ క్యారియర్ లాంటివి. అవతలివాళ్ల మాటని వాళ్ల నోట్లోంచి ఎలా వచ్చిందో అలా, వేడి చల్లారకుండా మోసుకొస్తాయి. “వస్తాను” అన్నాడు. దాన్ని చెప్పాలంటే “వస్తానన్నాడు.” ఎప్పుడు చెప్పినా అంతే. ఇవాళ చెప్పినా వస్తానన్నాడే, పదేళ్ల తరవాత చెప్పినా వస్తానన్నాడే. స్కూల్లో తెలుగు మాస్టారు ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని చెప్పేవారు, గుర్తుందా? ‘నేను వస్తాను’ అని రాము అన్నాడు. తాను వస్తానని రాము అన్నాడు. నేను కాస్తా తాను అయింది. మరి వస్తాను? అది కదల్లేదు చూడండి! ‘తాను’ పక్కన వస్తాడు అని ఉండాలి న్యాయంగా. కానీ మన చెవికి వస్తానే బాగుంటుంది. అంటే సగం మార్చినా రాము నోరు రాముదే.

ఇంగ్లీషులో అలా కుదరదు. చెప్పే మనిషి ఎక్కడ నిలబడిందో, ఏ రోజు చెబుతోందో చూసుకుని మాటంతా తన కొలతకి తిరగ్గుట్టాలి. నేను హి అవుతుంది, యు కాస్తా వి అవుతుంది, విల్ వుడ్ అవుతుంది, టుమారో కూడా ‘ద నెక్స్ట్ డే’ అవుతుంది. మా తోడికోడలు చెప్పింది, మరాఠీలో కూడా మనలాగే అవతలివాళ్ల మాట ఉన్నదున్నట్టే చెబుతారట. “నా క్లాసులో పిల్లలందరూ ఇదే తప్పు చేస్తారక్కా, మీరు ఒక్కరే కాదు” అంది. నన్ను ఓదార్చడానికి అందో, నిజమో గాని, నాకు ఆ మాట ఎంతో ధైర్యమిచ్చింది.

మరి నా వాక్యం ఎలా ఉండాలి? “హి సెడ్ వి వుడ్ హావ్ టు సైన్ ద పేపర్స్.” మేము కాగితాల మీద సంతకం పెట్టాల్సి ఉంటుందన్నారు. మస్ట్ ఎక్కడికి పోయింది అంటారా? చెబుతాను.

ఈ మాటలు జంటలు జంటలుగా ఉంటాయి. విల్‌కి వుడ్, కెన్‌కి కుడ్, షల్‌కి షుడ్, మేకి మైట్. వెనకటి ఇంగ్లీషులో ఇవి ఉత్తి ‘ఇవాళ – నిన్న’ జంటలేనట, మన ‘ఉంది – ఉండేది’ లాగా. తరవాత్తరవాత ఈ నిన్నటి మాటలకి మర్యాద, సందేహం, సలహా అంటూ కొత్త పనులు తగులుకున్నాయి. అన్నట్టు, కుడ్ స్పెల్లింగులో ఎల్ ఎందుకుందో తెలుసా? వుడ్‌లో, షుడ్‌లో ఎల్ ఉండటానికి న్యాయం ఉంది, విల్‌లోనూ షల్‌లోనూ ఎల్ ఉంది కాబట్టి. కెన్‌లో ఎల్ ఏదీ? మొదట్లో కుడ్‌కి లేదు. పక్కవాళ్లిద్దరికీ ఉంది కదా అని తర్వాత తగిలించారు. పక్కింటివాళ్లు కొన్నారని మనమూ కొనుక్కునే వస్తువులాగ, దానివల్ల ఉపయోగమేమీ లేదు, పలకను కూడా పలకరు.

ఇక మస్ట్. అది పుట్టడమే నిన్నటి రూపంలో పుట్టింది. దాని ‘ఇవాళ’ రూపం ఎప్పుడో వాడుక తప్పింది. ఇక దానికి వేరే నిన్న ఎక్కణ్ణించి వస్తుంది? అందుకని ‘చెయ్యాలి’ అన్నారని చెప్పేటప్పుడు హ్యాడ్ టు అనో, ఇకముందు చెయ్యాల్సినదైతే వుడ్ హావ్ టు అనో అంటారు. మస్ట్‌నే ఉంచినా తప్పు కాదు. “ద డాక్టర్ సెడ్ షి మస్ట్ టేక్ ద టాబ్లెట్స్” అంటే ఎవరూ నవ్వరు. అయితే ఒక్కచోట మాత్రం మస్ట్‌ని అలాగే ఉంచాలి. “అలిసిపోయి ఉంటుంది” అని ఊహించి అన్న మాట ఉంటుంది చూడండి, ఆ మస్ట్. “హి సెడ్ షి మస్ట్ బి టైర్డ్.” ఇక్కడ హ్యాడ్ టు పెడితే, అలిసిపోవడం ఆవిడ బాధ్యత అన్నట్టు వస్తుంది. (మన ఇళ్లలో అదీ నిజమేననుకోండి.)

మందుల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. ‘అక్కర్లేదు’కీ ‘కూడదు’కీ తేడా మనకి బాగా తెలుసు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి గందరగోళం. “ఉప్పు మానక్కర్లేదు” అంటే “హి సెడ్ షి డిడ్ నాట్ హావ్ టు గివ్ అప్ సాల్ట్.” “ఉప్పు తినకూడదు” అంటే “హి సెడ్ షి మస్ట్ నాట్ ఈట్ సాల్ట్.” బీపీ ఉన్నవాళ్ల విషయంలో ఇది తారుమారైతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. దూరాన ఉన్న పిల్లలకి, కోడళ్లకి డాక్టరు మాట రాసేటప్పుడు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చూసుకోండి.

షుడ్, వుడ్, కుడ్, మైట్ అని డాక్టరే అంటే? అప్పుడేం మార్చక్కర్లేదు. అవి ముందే నిన్నటి చీర కట్టుకుని ఉన్నాయి. “షి షుడ్ వాక్ ఎ లిటిల్” అంటే “హి సెడ్ షి షుడ్ వాక్ ఎ లిటిల్.” ఆట్ టు కూడా అంతే, కదలదు.

ఇప్పుడు మన చెల్లెలి ప్రశ్నకి వస్తాను. మాస్టారిదా, మావారిదా?

మా మిక్సీ సంగతి చెబితే తేలిగ్గా తెలుస్తుంది. పోయిన నెల పెసరట్టు పిండి సగంలో ఉండగా మొరాయించింది. సోమవారం పొద్దున్న బాగుచేసే అబ్బాయికి ఫోన్ చేస్తే “రేపొస్తానండీ” అన్నాడు. సోమవారం సాయంత్రం మావారికి ఆ మాట చెప్పాలి. “హి సెడ్ హి విల్ కమ్ టుమారో.” తప్పు లేదు! రేపు ఇంకా రాలేదు, ఆ మాట ఇంకా బతికే ఉంది. “హి సెడ్ హి వుడ్ కమ్ టుమారో” అన్నా తప్పు లేదు. రెండూ ఒప్పే. ఇక్కడ ఆ చెల్లెలి భర్తగారు గెలిచారు. మంగళవారం వెళ్లింది, బుధవారం వెళ్లింది. నేను రోట్లో కొబ్బరిపచ్చడి రుబ్బుకుంటున్నాను. శుక్రవారం నాడు ఎదురింటావిడతో చెప్పాలంటే? “హి సెడ్ హి వుడ్ కమ్ ఆన్ ట్యూస్‌డే.” ఇక విల్ పనికిరాదు. మంగళవారం అయిపోయింది, ఆ మాటా అయిపోయింది. ఇక్కడ మాస్టారు గెలిచారు.

తెలుగులో అయితే ఈ తేడా మనం గొంతుతో చూపిస్తాం. “వస్తానన్నాడూ...” అని ఒక్క దీర్ఘం తీస్తే చాలు, రాలేదని ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో ఆ దీర్ఘం పని కొంత వుడ్ చేస్తుందన్నమాట. అలాగని వుడ్ ఉన్న ప్రతిచోటా మనిషి మాట తప్పాడనుకోకండి. మాట నిలబెట్టుకున్నా వుడ్డే. “హి సెడ్ హి వుడ్ కమ్, అండ్ హి కేమ్.” వచ్చాడో లేదో వుడ్ చెప్పదు, తరవాతి వాక్యం చెబుతుంది. మా మిక్సీ అబ్బాయికి ఆ తరవాతి వాక్యం నేను ఇంకా రాయలేదు.

ఆఫీసుల్లో విల్ ఎక్కువ ఎందుకు కనిపిస్తుందంటే, అక్కడ రాసేవన్నీ ఇంకా జరగబోయే పనుల గురించి. చెల్లమ్మా, మీవారిని ఏమీ అనకు. కానీ మీ పాప పరీక్షలో మాత్రం వుడ్ రాయమను. ‘చేంజ్ ద స్పీచ్’ అనే ప్రశ్నకి పరీక్ష దిద్దేవాళ్లు చూసేది అదే. ఇంకోటి, ‘సెడ్’ బదులు ‘సేస్’ ఉంటే ఏదీ మార్చక్కర్లేదు. “మదర్ సేస్ షి విల్ కమ్.” చెప్పడమే ఇవాళ అయినప్పుడు నిన్నటి రూపంతో పనేముంది?

టోల్డ్ గురించి కూడా ఒక మాట. నేను “డాక్టర్ టోల్డ్ షి మే గో” అని రాశాను కదా, అందులో అసలు తప్పు కంటే ముందు ఇదొక తప్పు. టోల్డ్ అన్నాక ఎవరితో అన్నది వెంటనే చెప్పాలి. టోల్డ్ మి, టోల్డ్ అజ్, టోల్డ్ మై హజ్బెండ్. సెడ్‌కి ఆ బాధ లేదు. మనకి ‘చెప్పాడు’ అన్నా ‘అన్నాడు’ అన్నా ఒకటే కాబట్టి ఈ పొరపాటు మన నోట తరచూ వస్తుంది. నేను ‘టోల్డ్ అజ్’ అని రాసుంటే, మాట మాతో అన్నదని తెలిసి ఆ ‘యు’ ఎవరో కూడా ఆమెకి అర్థమయ్యేదేమో.

ఇంకో అలవాటు చూశాను. వుడ్ అంటే మర్యాద ఎక్కువ అనుకుని కొందరు దాన్ని ప్రతిచోటా వడ్డిస్తారు. గృహప్రవేశానికి పిలిస్తే “ఐ వుడ్ కమ్ టుమారో” అని జవాబు రాస్తారు. ముందు సెడ్ లేకుండా ఇలా వుడ్ వేస్తే, చదివేవాళ్లు ‘అయితే ఏమిటి అడ్డం?’ అని ఎదురు చూస్తారు. వద్దునే గాని... అన్నట్టుంటుంది. వస్తున్నట్టయితే విల్ అని నిండుగా చెప్పండి. లేకపోతే మీ వాటా భోజనం వండరు.

నేను ఇదంతా ఇంటర్‌లో చదవలేదా అంటే, చదివాను. రెన్ అండ్ మార్టిన్ పుస్తకం మా అన్నయ్యది ఉండేది ఇంట్లో. విల్ – వుడ్, కెన్ – కుడ్ అని ఎక్కాల్లాగా అప్పజెప్పేదాన్ని. ఆ రెన్‌గారు నవలలు కూడా రాశాడని, 1924లో వచ్చిన ఆయన ‘బో జెస్ట్’ నవల చాలా పేరు తెచ్చుకుందని మా తోడికోడలు చెబితే ఆశ్చర్యపోయాను. ఇంత చప్పగా వ్యాకరణం చెప్పినాయన కథలు ఎలా రాశాడో! ఆమె మళ్లీ పూణె వెళ్లాక నాకు రేమండ్ మర్ఫీ పుస్తకం పంపింది. 1985లో మొదట వచ్చిన పుస్తకం అది, నీలం అట్టది. ఒక పేజీలో విషయం, ఎదురు పేజీలో అభ్యాసం. రోజూ మధ్యాహ్నం పిల్లలు వచ్చేలోపు ఒక పేజీ చేస్తాను. పెన్సిల్‌తో చెయ్యండి, చెరిపి మళ్లీ చెయ్యచ్చు.

మా తోడికోడలు ఇప్పుడు ఇంటి దగ్గరే పిల్లలకి ట్యూషన్లు చెబుతోంది. బాగానే వస్తున్నారంటుంది. ఆ స్కూలు పేరు మాత్రం మా ఇంట్లో ఎవరం ఎత్తం. తెలుగు బాగా నేర్చేసుకుంది. మొన్న దసరాకి వచ్చినప్పుడు, మా మరిది గురించి అత్తయ్యగారితో “పండక్కి తప్పకుండా వస్తానన్నారు అత్తయ్యా” అంది, ఆ ‘అన్నారు’ని అచ్చం మనలాగే సాగదీస్తూ. అత్తయ్యగారు నావైపు చూసి నవ్వారు. ఓడ ఇంకా రేవు చేరలేదు మరి.

ఈ వారం మీకు మూడు వాక్యాలు ఇస్తున్నాను. కాగితం మీద రాసి దాచుకోండి, వచ్చే వారం సరిచూసుకుందాం. మొదటిది: “రేపు పాలు రావు” అని పాలబ్బాయి నిన్న నాతో అన్నాడు. రెండోది: “మీ అమ్మాయి ఈ పోటీలో పాల్గొనచ్చు” అని టీచరుగారు మాతో అన్నారు. ఇది అనుమతా, సందేహమా, ముందు తేల్చుకోండి. మూడోది కాస్త గట్టిది. నేను ఈ పాఠం రాస్తుంటే మా అత్తయ్యగారు పక్కనే కూర్చుని అంతా విని అన్న మాట ఇది: “నాకే ఇంగ్లీషు వచ్చుంటే ఆ కబురు నేనే రాసేదాన్ని.”